పిడుదులలో పరాన్నజీవుల జన్యు జాడ

పశువులకు బబీసియా (రక్తకణాల్లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) జ్వరం పిడుదుల ద్వారా సోకుతుందని అమెరికా శాస్త్రవేత్తలు స్మిత్, కిల్‌బోర్న్ 1893లో నిరూపించారు; అయితే సూక్ష్మదర్శినిలో దాదాపు ఒకేలా కనిపించే బబీసియా, దాని దగ్గరి బంధువైన థైలేరియా జాతులను నమ్మకంగా వేరుచేయడానికి జన్యుక్రమ పరీక్షే సరైన మార్గం. అడవిలో సేకరించిన పిడుదు నుంచి డీఎన్ఏను వెలికితీసి, 18ఎస్ ఆర్‌ఆర్‌ఎన్ఏ జన్యువులో (కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు సంబంధించినది) కొంత భాగాన్ని, డీఎన్ఏకు ఎన్నో నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతితో పెంచి, దాని క్రమాన్ని జెన్‌బ్యాంక్ అనే జన్యుక్రమాల భాండాగారంలోని క్రమాలతో పోలుస్తారు. ఆ జన్యువు పిడుదుకూ ఉంటుంది కనుక, ప్రైమర్లను (ఏ భాగాన్ని పెంచాలో నిర్ణయించే చిన్న డీఎన్ఏ ముక్కలను) జాగ్రత్తగా ఎంచుకోవాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఫలితాన్ని అర్థం చేసుకునే తీరు. రక్తం తాగిన పిడుదులో పరాన్నజీవి డీఎన్ఏ దొరికినంత మాత్రాన ఆ పిడుదే దాన్ని వ్యాపింపజేస్తుందని చెప్పకూడదు, ఎందుకంటే ఆ డీఎన్ఏ తాగిన రక్తంతోనే వచ్చి ఉండవచ్చు. గుడ్డు నుంచి వెలువడి ఇంకా రక్తం ముట్టని లార్వాలలో బబీసియా కనిపిస్తే మాత్రం, అది తల్లి నుంచి గుడ్ల ద్వారా సంక్రమించిందనడానికి బలమైన ఆధారమని భావిస్తాను.