నలుగురొచ్చినప్పుడు వేడిది ఒక్కటి చాలు

ఇంటికి నలుగురు వస్తున్నారంటే చిరుతిళ్ల విషయంలో నేను పాటించే పద్ధతి ఒక్కటే. అప్పటికప్పుడు వేడిగా చేయాల్సింది ఒక్కటి ఉండాలి, మిగతావన్నీ వాళ్లు గుమ్మం తొక్కేసరికి సిద్ధంగా ఉండాలి. వాళ్లొచ్చేది మనతో కూర్చుని కబుర్లు చెప్పుకోడానికి. మనమేమో వంటింట్లోంచి "మీరు తింటూ ఉండండి, వచ్చేస్తున్నా" అని కేకలేస్తుంటే ఎంత రుచిగా చేసినా ఏం లాభం?

ముందే చేసి పెట్టుకునేవాటిలో నాకు బాగా ఇష్టమైనది పెరుగు డిప్. గట్టి పెరుగును పల్చటి బట్టలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేస్తాను. నీరంతా దిగిపోయి పొద్దునకల్లా వెన్నలా చిక్కబడుతుంది. పచ్చి వెల్లుల్లి ఘాటు కొందరికి పడదు కదా, అందుకని వెల్లుల్లిని నేరుగా నిమ్మరసంలోకే తురిమి పది నిమిషాలు ఆగుతాను. ఆ ఘాటు పుట్టించే ఎంజైమ్ పులుపులో సరిగ్గా పనిచేయదు, కాబట్టి వాసన మిగులుతుంది, మంట తగ్గుతుంది. తర్వాత ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన పుదీనా. అంతే. పక్కన కీరా, క్యారెట్ ముక్కలు పొడుగ్గా కోసి పెడితే చాలు. కీరా మీద మాత్రం ఉప్పు చల్లకండి, కాసేపటికే నీరు వదిలేసి మెత్తబడుతుంది. డిప్‌లో ఎలాగూ ఉప్పుంది.

వేడిది అంటే మా ఇంట్లో బంగాళాదుంపే. తొక్క తీయను, బాగా కడిగి నిలువుగా బద్దలు కోస్తాను. వాటిని అరగంట చన్నీళ్లలో వేస్తే పైనున్న గంజి పోతుంది. అసలు పని ఆ తర్వాతే ఉంది: పొడిబట్ట మీద పరిచి, ఇంకో బట్టతో అద్ది, చేతికి తడి తగలనంతవరకూ తుడవాలి. తడి ఉంటే ముక్క ముందు ఆవిరికి ఉడుకుతుంది, రంగు ఎప్పటికో గానీ రాదు. నూనె, ఉప్పు పట్టించి, ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి, 220 డిగ్రీల ఓవెన్‌లో పెడతాను. సగంలో ఒకసారి తిప్పాలి. ముప్పై అయిదు, నలభై నిమిషాలకు అంచులు గోధుమరంగుకు తిరుగుతాయి, ఫోర్కుతో గీస్తే గరగరమని చప్పుడొస్తుంది. కారం, మసాలా పొడులు అప్పుడే చల్లాలి. ముందే వేస్తే మాడి చేదెక్కుతాయి. ఓవెన్‌లో ఉన్నంతసేపూ దాని దగ్గర నిలబడే పని లేదు, అందుకే నాకిది ఇంత ఇష్టం.

ఉడికించిన శనగలదీ ఇదే దారి. బాగా ఆరబెట్టి, 200 డిగ్రీల దగ్గర కరకరలాడేదాకా వేయించాలి. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో పోస్తే మాత్రం ఆ ఆవిరికే మెత్తబడిపోతాయి.

పిల్లలొస్తే పాప్‌కార్న్. గింజ లోపల కొంచెం తేమ ఉంటుంది, 180 డిగ్రీల వేడికి అది ఆవిరై గింజను పగలగొడుతుంది. డబ్బాలో ఎండిపోయిన పాత గింజలు పేలకపోవడానికి కారణం ఇదే. నూనెలో ముందు మూడు గింజలు వేసి, అవి పేలాకే మిగతావి పోయండి. మూత కాస్త ఓరగా పెడితే ఆవిరి బయటికి పోయి కరకరలాడుతూ వస్తాయి.

వచ్చేవాళ్లకు ఏవైనా పడవా అని ముందే అడుగుతాను. మా స్నేహితురాలి బాబుకు వేరుశనగ పడదు. వాళ్లు వచ్చే రోజున వేరుశనగే కాదు, జీడిపప్పు, బాదం లాంటివి కూడా ఏవీ బయటికి తీయను. వేరే గిన్నెలో పెడితే చాలదా అంటారు కొందరు, కానీ ఒకే చెంచా రెండు గిన్నెల్లోకీ తిరగడం చాలాసార్లు చూశాను.

అన్నీ ఒకే పెద్ద పళ్లెంలో పెట్టడం నాకు నచ్చదు. చిన్న చిన్న గిన్నెల్లో మూడు నాలుగు చోట్ల పెడితే ఎవరూ మాట ఆపి లేవక్కర్లేదు. డిప్ కూడా కొంచెమే బయట పెట్టి, అయిపోతే మళ్లీ ఫ్రిజ్‌లోంచి తెస్తాను. పాలతో చేసినవి రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు. గిన్నెలో మిగిలింది పారేయాల్సిందే. ఫ్రిజ్ దాటి రానిది మాత్రం మర్నాడు పొద్దున్నే కాల్చిన బ్రెడ్ మీదికి పనికొస్తుంది.