కుక్కర్ మూత మీద 4

పదకొండు దాటింది. కుక్కర్ మూత మీది 4 ఎంత తోమినా పోక, చేతులు తుడుచుకొని వచ్చి ఇది రాస్తున్నా.

పొద్దున వేయిస్తంభాల గుడికి వెళ్ళాం. అత్తమ్మ మొక్కు, ఏం మొక్కో అడగకండి. ఆటోలో నేనే నోరు జారి అక్కడ వెయ్యి స్తంభాలుంటాయని అన్నాను. దిగగానే బుడ్డది లెక్క మొదలుపెట్టింది. దానికి ఇరవై దాకే వచ్చు, ఇరవై కాగానే మళ్ళీ ఒకటి. ప్రతి స్తంభానికీ అరచెయ్యి ఆనించాలి, లేకపోతే అది లెక్కలోకి రాదట. ఎవరైనా ఆనుకొని కూర్చుంటే, "జరుగు, నేను లెక్కవెట్టాలె."

అట్లా జరగాల్సి వచ్చిన ఒకావిడ నా వైపు తిరిగి, "గింత మొండిదేంది బిడ్డా, రెండు తగిలిస్తె అదే సక్కగైతది" అంది. నవ్వుతూనే అంది. ఈ నవ్వుతూ అనేవాళ్ళతోనే నాకు తంటా. మన పిల్ల అన్నం తినకున్నా వాళ్ళకే కావాలి, జుట్టు పలచగా ఉన్నా వాళ్ళకే కావాలి. మా ఆయన మాత్రం ఆ నిమిషంలోనే ఫోన్‌లో ఏదో వెతుక్కున్నాడు, మామూలే. నేను బుడ్డదాని రెట్ట పట్టి, "ఇంకొక్కటి లెక్కపెట్టావంటే ఇక్కడే వదిలేసి పోతా" అని అరిచాను.

ఇందాకటి వరకు ఆవిడనే తిట్టుకుంటున్నా. కానీ ఆ మాట బుడ్డదాని కోసం అనలేదు, ఆవిడ వినాలని అన్నాను. పిల్ల ఏడవలేదు కూడా, అరచెయ్యి స్తంభం మీద నుంచి తీసి గౌను వెనక దాచుకుంది.

అందుకే తిరుగు ఆటోలో బుజ్జగించడానికి బాపు సంగతి చెప్పాను. నా చిన్నప్పుడు అక్కడి కల్యాణ మండపం పునాది కుంగిందని మొత్తం విప్పేశారు. బాపు సైకిల్ మీద ముందు కూర్చోబెట్టుకొని చూపించడానికి తీసుకెళ్ళాడు. రాళ్ళన్నీ వరసగా నేల మీద, ఒక్కోదాని మీద ఒక నంబర్. మళ్ళీ కట్టగలరా అని అడిగితే, "నంబర్లేసిన్రు గదా, యాడిది ఆడికే పోతది" అన్నాడు. వచ్చే ఏడాదికల్లా అయిపోతుందా అని నేను ప్రతి శివరాత్రికీ అడిగేదాన్ని. బాపు కూడా విసుక్కోకుండా ప్రతిసారీ "నంబర్లున్నయి గదా" అనేవాడు. నా పెళ్ళయింది, బుడ్డది పుట్టింది, చివరికి 2024 శివరాత్రికి తెరిచారు. బాపు చూడలేదు.

బుడ్డదానికి ఇందులో నంబర్లు ఒక్కటే ఎక్కాయి. సాయంత్రం నేను చపాతీలు చేస్తుంటే ఇల్లంతా నిశ్శబ్దం. అప్పుడే అనుమానం రావాల్సింది. దానికి రాయడం వచ్చిన అంకె నాలుగొక్కటే. సోఫాకి 4, ఫ్రిజ్‌కి 4, అత్తమ్మ కళ్ళద్దాల డబ్బాకి 4. స్కెచ్ పెన్నే కదా అనుకున్నా, తీరా చూస్తే పచ్చడి జాడీల మీద పేర్లు రాసే మార్కర్. అత్తమ్మ ఇంకా చూడలేదు.

నా ఎడమ చేతి మీద కూడా ఒకటుంది. ఎప్పుడు వేసిందో తెలియదు. అదైతే సబ్బుకు పోయేలాగే ఉంది, రేపు చూస్తా.