కలుపు వరసలో మన క్లాస్‌మేట్ల అమ్మలు

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకు ఒక జ్ఞాపకం రాయమని కమిటీ వాళ్లు అడిగారు. ప్రేయర్ గురించి, డ్రిల్లు పీరియడ్ గురించి ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. నేను బడి వదిలాక జరిగిన సంగతి రాస్తున్నాను. మనుషులు మాత్రం మన బడి మనుషులే.

బీఎస్సీ అయి బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తున్న ఏడాది, వానాకాలమంతా ఒక కూరగాయల తోటలో పనిచేశాను. మన బడిలోనే నాకు సీనియర్ అయిన ఒకన్నది ఆ తోట. వికారాబాద్ వైపు ఎర్రనేల, రెండెకరాలు, ఒక బోరు, రెండు ఆవులు. రసాయనం చుక్క వాడడు. "జీతం ఎక్కువియ్యలేను చెల్లె, కూరగాయలు ఎన్నైనా తీస్కపో" అన్నాడు. ఈ ఒప్పందం నాకంటే మా అమ్మకు బాగా నచ్చింది.

సేంద్రియ సాగు అనగానే అందరూ జీవామృతం గురించే, అంటే పేడ, మూత్రం పులియబెట్టి నేలకు పోసే ద్రావణం గురించే అడుగుతారు. నిజానికి అది తేలికైన పని. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి పిడికెడు. నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం కట్టెతో కలుపుతూ ఉంటే రెండు రోజుల్లో ఎకరానికి సరిపడా తయారవుతుంది. డ్రిప్పులో వదిలే ముందు గుడ్డతో వడగట్టాలి, లేకపోతే సన్న రంధ్రాలు పూడుకుపోతాయి. వాసనంటారా, అలవాటైపోతుంది.

అసలు పనంతా కలుపుది. మందు కొట్టని చేను కదా, ఒక్క వాన పడితే చాలు, టమాట మొక్క ఎక్కడుందో వెతుక్కోవాలి. కలుపుకు వచ్చే ఆడవాళ్లలో కొందరు మన క్లాస్‌మేట్ల అమ్మలే. నేనూ వాళ్ల వరసలోనే కూర్చునేదాన్ని. మొదట్లోనే ఒక పెద్దమ్మ ఒక తీగ పీకి నా ముందు పెట్టి, "పెద్ద సదువు సదివినవ్ గద బిడ్డా, ఇదేందో చెప్పు" అంది. గలిజేరు. నేను దాని శాస్త్రీయ నామం చెప్పాను. ఆమె దాన్ని పప్పులో ఎట్లా వెయ్యాలో చెప్పింది.

వాళ్లు కలుపు తీస్తూ తీస్తూనే వేరు చేసేవాళ్లు. గరిక గట్టు మీదికి. తుంగనైతే గడ్డతో సహా తవ్వాలి, పైపైన పీకితే మళ్లీ లేస్తుంది. గంగవాయిలి, గలిజేరు, పొన్నగంటి మాత్రం కొంగులోకి. రాత్రికి అదే వాళ్లింట్లో కూర. వినాయక చవితి దగ్గర పడితే తుమ్మికూర కోసం చిన్నపాటి పోటీ. చుట్టుపక్కల పత్తి చేన్లలో కలుపుమందు కొట్టడం మొదలయ్యాక ఇవేవీ దొరకట్లేదట. నేను గట్టు మీది గునుగు కూడా పీకబోతే వెనకనుంచి కేక: "అది ఉండనియ్, బతుకమ్మకు గావాలె!"

బెండకాయ రోజు విడిచి రోజు తెంపాలి. ఇంకో రోజు ఆగితే ముదిరి పీచు తేలుతుంది. నూగుకు చేతులు దురదపెడతాయి కాబట్టి ఎండలోనూ నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. వంకాయలో పురుగుకు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగవాటిని లాగి పట్టేవి) పెట్టాం, వాడిన కొమ్మల చివర్లు తుంచి పారేశాం. అయినా పుచ్చులు వచ్చేవి.

ఆదివారాలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల దగ్గర అమ్మకం. అక్కడివాళ్లకు మందు కొట్టని వంకాయ కావాలి, అందులో పుచ్చు ఉండకూడదు, అన్నీ ఒకే సైజులో ఉండాలి. నాకైతే ఒళ్లు మండేది. అన్న నవ్వేవాడు. రేటెందుకు ఎక్కువని ఎవరైనా నిలదీస్తే పేడ, బెల్లం లెక్క చెప్పేవాడు కాదు, ఖర్చుల నోట్‌బుక్ తెరిచి పెట్టేవాడు. ఏ పేజీ చూసినా కలుపు కూలి. కొందరు చదివి మాట్లాడకుండా డబ్బులిచ్చేవాళ్లు. కొందరు చదివి కూడా బేరమాడేవాళ్లు.

సీటు వచ్చి నేను వెళ్లిపోయాను. తోట ఇంకా నడుస్తోంది. ఈసారి సమ్మేళనం భోజనాలకు కూరగాయలు అక్కడినుంచే తెప్పిస్తున్నారని విన్నాను, సంతోషం. కమిటీకి ఒక్క మాట. పిలిచేవాళ్ల జాబితాలో సార్లు, మేడమ్‌లు, నాయకులు ఎప్పుడూ ఉంటారు. వచ్చే ఏడాది ఆ కలుపు వరసలోని అమ్మలనూ పిలవండి. ఇళ్లు నాకు తెలుసు, కార్డులు నేనే ఇచ్చొస్తాను.