మావెయ్‌లో గీసిన ఉక్కు ఓడ

ఫూజౌ నగరం నుంచి మిన్ నది వెంట తూర్పుగా ఇరవై కిలోమీటర్లు వస్తే మావెయ్. చైనా సొంతంగా కట్టుకున్న తొలి ఉక్కుకవచ యుద్ధనౌకల్లో పేరున్న పింగ్‌యువాన్ పుట్టింది ఇక్కడే. ఈ ఊళ్లో రెండు పేర్లు గుర్తుంచుకుని తిరగాలి. కట్టినప్పుడు దాని పేరు లుంగ్‌వెయ్. 1890లో చైనా ఉత్తరాది నౌకాదళమైన బెయ్‌యాంగ్ దళంలో చేరాక పింగ్‌యువాన్ అయింది. ఒక్క పేరే తెలిస్తే ఇవి రెండు వేర్వేరు ఓడలనిపిస్తుంది.

మేం ఇక్కడి మ్యూజియం కంటే ముందు పాత ఓడల కర్మాగారం చూశాం. మీరూ అలాగే చేయండి. 1867 నాటి ఇటుక కట్టడాలు ఇంకా నిలిచి ఉన్నాయి. ఒకదానిలో కింద యంత్రభాగాలు బిగించేవారు, పై అంతస్తు నక్షాలు గీసే శాల. ఆ పై గదిలోనే ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో చదివొచ్చిన వెయ్ హాన్, జెంగ్ చింగ్‌లియన్, వూ దెజాంగ్ వంటివారే ఈ ఓడకు రూపకర్తలు. ఫ్రెంచివాళ్ల కవచ గన్‌బోటు నమూనాను తమ నదికీ తీరానికీ తగ్గట్టు మలిచారు. 1884 ఆగస్టు 23న అదే ఫ్రెంచి నౌకాదళం ఇదే రేవులో చెక్క ఓడల్ని ముంచేసింది. ఆ దెబ్బ తిన్న రెండేళ్లకు, 1886లో, ఈ ఓడ పని మొదలైంది. 1888 జనవరిలో నీళ్లలోకి దించారు.

కొలతలు చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. పొడవు 60 మీటర్లు, వెడల్పు 12, బరువు సుమారు 2,100 టన్నులు. నీటిమట్టం దగ్గర కవచం మందం గరిష్ఠంగా 8 అంగుళాలు. ముందు జర్మనీ క్రుప్ కంపెనీ చేసిన 260 మిల్లీమీటర్ల ఫిరంగి ఒకటి, పక్కల 150 మిల్లీమీటర్లవి రెండు. ఇంత చిన్న ఓడ మీద ఇంత ఉక్కు మోపితే వేగం పోక తప్పదు. పదిన్నర నాట్లే, అంటే గంటకు సుమారు 19 కిలోమీటర్లు. తీరం కాయడానికి అది చాలు, బారులు తీరి పరుగెత్తే పోరుకు చాలదు.

1894 సెప్టెంబర్ 17న జపాన్‌తో యుద్ధంలో, యాలూ నదీముఖం దగ్గరి పోరులో అదే జరిగింది. నదీముఖం దగ్గర ఆగి ఉన్న పింగ్‌యువాన్ ఆలస్యంగా వచ్చి కలిసింది. అయినా దాని 260 మిల్లీమీటర్ల ఫిరంగి గుండు జపాన్ పతాకనౌక మత్సుషిమాను తాకి, టార్పెడో గొట్టం దగ్గరున్న నలుగురిని చంపింది. తర్వాత తన మీదే మంటలు లేచి వెనక్కి తగ్గింది.

ఈ కథ రెండో సగం ఉత్తరాన షాన్‌డాంగ్ తీరంలోని వెయ్‌హాయ్‌లో ఉంది. అక్కడి రేవు నుంచి పడవెక్కి ల్యూగాంగ్ దీవికి వెళ్లాలి. పొగమంచు, గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. అందుకే ఒక రోజు అదనంగా ఉంచుకోవడం మంచిది. రేవులో కనిపించే భారీ దింగ్‌యువాన్, బెయ్‌యాంగ్ దళపు పతాకనౌకకు 2000ల తొలి ఏళ్లలో కట్టిన నమూనా. అసలుది జర్మనీలో తయారైంది. దాన్ని చూసి చైనా చేతిపని అనుకుంటే పొరపాటు.

1895 ఫిబ్రవరిలో పింగ్‌యువాన్ జపాన్‌కు చిక్కింది ఈ దీవి దగ్గరే. పేరు హేయెన్‌గా మార్చి వాడుకున్నారు. 1904 సెప్టెంబర్‌లో, రష్యాతో యుద్ధంలో, పోర్ట్ ఆర్థర్ రేవుకు పడమట సముద్రపు మందుపాతర తగిలి మునిగింది. దీవి మ్యూజియంలో మాత్రం దానిలాగే జపాన్‌కు చిక్కి, అదే ఏడాది మందుపాతరకే బలైన జీయువాన్ ఓడ జంట ఫిరంగులున్నాయి. సముద్రం అడుగు నుంచి 1986లో తీశారు. అవి 210 మిల్లీమీటర్లవి. ఆ గొట్టాల పక్కన నిలబడి, ఇంతకంటే 5 సెంటీమీటర్లు పెద్ద నోరున్న ఫిరంగిని ఆ చిన్న మావెయ్ ఓడ ముందుభాగాన ఊహించుకోండి.