తమ్ముడి సంతకం

రాత్రి డ్యూటీ దిగేసరికి ఉదయం 8 దాటింది. దారిలోనే రెండు ఇడ్లీలు తిని, ఇంటికి వచ్చి రెండు గంటలు పడుకుని, మళ్లీ బండి తీశాను. తిరుపతిలో నేను అద్దెకుంటున్న ఇల్లు ఈ నెలాఖరులోగా ఖాళీ చేయాలి. ఓనరుగారి అబ్బాయి చెన్నై నుంచి సంసారంతో తిరిగి వచ్చేస్తున్నాడు. వాళ్ల ఇల్లు వాళ్లకు కావాలి, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఆరేళ్లు ఉన్న ఇల్లు ఇది. వంటింటి కిటికీ తెరిస్తే శేషాచలం కొండ ఎదురుగా ఉంటుంది. వాన వెలిసిన సాయంత్రాల్లో కొండ మీద నుంచి మబ్బు కిందికి జారుతుంటే పొయ్యి మీద పాలు పొంగేదాకా చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఆ కిటికీని వదిలి వెళ్లడమే కష్టం అనుకున్నాను. వెతకడం మొదలుపెట్టాక అది ఎంత చిన్న కష్టమో తెలిసింది.

ఈ రోజు మొదటి ఇల్లు భవానీ నగర్‌లో. గేటుకు కట్టిన రేకు మీద 'టు-లెట్, ఫ్యామిలీకి మాత్రమే' అని ఎర్ర రంగుతో రాసి ఉంది. అయినా బెల్లు కొట్టాను. పలమనేరులో మా అమ్మ ఉంది, ఆమె మందుల చీటీ నా పర్సులోనే ఉంటుంది. నాకు ఫ్యామిలీ లేదని ఎవరన్నారు? ఆవిడ నవ్వుతూ తలుపు తీసి, తాళాల గుత్తి చేతిలోకి తీసుకుని, నా భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"మీ వారు బండి పెట్టి వస్తున్నారా?"

"లేదండీ, నేను ఒక్కదాన్నే."

ఆమె ఇంకేమీ అడగలేదు. తాళాల గుత్తి మళ్లీ గోడకున్న మేకుకు ఎక్కింది. "నిన్ననే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చారమ్మా" అంది. గేటు మూసి వెనక్కి చూశాను. రేకు అక్కడే వేలాడుతోంది.

తరువాత బ్రోకరుకు ఫోన్ చేశాను. నెల అద్దె కమిషన్‌గా తీసుకునే మనిషి. నా జీతం ఎంతో, అద్దె ఎంతవరకు ఇవ్వగలనో అడగలేదు. ఎంతమంది ఉంటారు, చుట్టాలు వచ్చిపోతుంటారా, మాంసం వండుతారా అని అడిగాడు. చివరికి గొంతు తగ్గించి, "మీరు ఏమిటోళ్లు మేడం?" అన్నాడు. కులం అడగడానికి తిరుపతిలో మాంసం ప్రశ్న ముందు వస్తుంది, దాని వెనకే ఇది వస్తుంది. శాకాహారం పాటించే ఇంటివాళ్ల నియమం మీద నాకు గౌరవమే ఉంది. వాళ్ల వంటిల్లు పక్కన చేపలు వేయించాలని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పకూడదని చాలా కాలం కిందటే నిర్ణయించుకున్నాను. "ఆసుపత్రిలో పని చేస్తున్నాను" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

బైరాగిపట్టెడలో రెండో ఇల్లు. దాని దగ్గర చాలాసేపు ఉన్నాను. మేడమీద ఒక గది, వంటిల్లు, ముందు కొంచెం ఖాళీ స్థలం, తులసి కోట. అద్దె 8,500. ఇంటాయన రిటైరైన ఉపాధ్యాయుడు. కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. ఇదివరకు ముగ్గురు కుర్రాళ్లకు ఇచ్చారట. రెండు నెలల అద్దె, కరెంటు బిల్లు ఎగ్గొట్టి ఒక తెల్లవారుజామున సామాను సర్దుకుని పోయారట. లోపలికి తీసుకెళ్లి గోడ చూపించారు. మేకులు పీకేసిన గుంటలు వరసగా, ఒక్కొక్కటీ బొటనవేలంత ఉన్నాయి. ఆయన ఒక గుంటలో వేలు పెట్టి చూపించినప్పుడు నాకు నిజంగా బాధ వేసింది. పెన్షన్‌తో పాటు ఆ అద్దే వాళ్ల ఆధారం. అద్దెకు దిగినవాళ్లు మొండికేస్తే ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి. ఆ వయసులో ఎవరికి ఓపిక ఉంటుంది? ఇంటివాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను.

"నువ్వేమో రాత్రి డ్యూటీ అంటున్నావు. రాత్రి 8కి వెళ్లి పొద్దున వస్తే వీధిలోవాళ్లకు నేనేం చెప్పుకోవాలమ్మా?"

"ఆసుపత్రికి వెళ్లి వస్తోందని చెప్పండి సార్."

"అన్నీ చెప్పుకోలేం కదా తల్లీ. కొండమీద కూడా ఒంటరిగా వచ్చినవాళ్లకు గది ఇవ్వరు."

ఆ మాటకు అక్కడ జవాబు తట్టలేదు. బండి మీద వస్తుంటే తట్టింది. గది ఇవ్వకపోయినా యాత్రికుల వసతి సముదాయంలో లాకరు ఇస్తారు, పడుకోవడానికి హాలు ఉంటుంది, దానికి డబ్బు కూడా అడగరు. ఒంటరిగా వచ్చావు కాబట్టి కొండ దిగి వెళ్లిపో అని ఎవరూ అనరు. ఆ మాట ఆయనతో అనాల్సింది.

నేను లేచేసరికి ఆయన భార్య మజ్జిగ గ్లాసు తెచ్చారు. అల్లం, కరివేపాకు దంచి వేసిన మజ్జిగ. మెట్ల దాకా వచ్చి, "నాకైతే నీకే ఇవ్వాలని ఉందమ్మా. మోకాళ్లు పట్టేస్తే మేడమీద పిలిస్తే పలికే మనిషి ఉన్నట్టుంటుంది" అన్నారు మెల్లగా. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లి ఉంటే ఈ పాటికి నేను పాలు పొంగించే రోజు చూసుకుంటూ ఉండేదాన్ని.

ఎమ్మార్ పల్లిలో మూడో ఇల్లు. ఇక్కడ ఒప్పుకున్నారు. అద్దె 9,000, అడ్వాన్సు 30,000, నీళ్లకు సంపు ఉంది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద 11 నెలల ఒప్పందం నమూనా చూపించారు. ఇక్కడ అందరూ 11 నెలలకే రాసుకుంటారు. నేను చదివి తల ఊపాను. కాగితం చివర రెండు గీతలు ఉన్నాయి. ఒకటి నాకు. రెండోది చూపించి ఇంటాయన, "ఇక్కడ మీ నాన్నగారో, అన్నదమ్ములో ఎవరైనా మగవాళ్లు సంతకం పెట్టాలమ్మా" అన్నారు.

నాన్న పోయి 12 ఏళ్లయింది. తమ్ముడు ఉన్నాడు, వాడికి 27, నాకు 38. వాడిని ఇంజనీరింగ్ కాలేజీలో చేర్చినప్పుడు హాస్టల్ ఫారంలో గార్డియన్ అన్నచోట సంతకం పెట్టింది నేను. ఫీజు కట్టిందీ నేనే. ఇప్పుడు నేను అద్దె కడతానని వాడు బెంగళూరు నుంచి వచ్చి పూచీ పడాలి.

ఆసుపత్రిలో నేను చేసేది రక్త పరీక్షల పని. నిన్న రాత్రి రెండున్నరకు కాన్పు కోసం వచ్చిన ఒక అమ్మాయికి అత్యవసరంగా ఓ-నెగటివ్ గ్రూపు రక్తం కావాల్సి వచ్చింది. ఆమె రక్తం నుంచి వేరుచేసిన సీరం అనే ద్రవంలో దాత రక్తకణాలు కలిపి, యంత్రంలో తిప్పి, పరీక్ష గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి మెల్లగా కదిపాను. కణాలు గుంపు కడితే ఆ రక్తం ఎక్కించకూడదు. గుంపు కట్టకుండా అడుగు నుంచి సన్నని ఎర్రటి పొగలా సమంగా లేచాయి. సరిపోతుందని రాసి కింద సంతకం పెట్టాను. ఆ సంచి ఆమె మంచం దాకా వెళ్లింది. ఆ సంతకానికి తోడుగా మా తమ్ముణ్ణి రమ్మని ఎవరూ అడగలేదు.

ఇదంతా ఆయనతో చెప్పలేదు. గొంతు పట్టేసింది. పైగా ఆయన చెడ్డమనిషి కాదు, ఎక్కువ డబ్బు కూడా అడగలేదు. కానీ ఈ గీత మీద నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది. పోయిన వారం కూర్చుని చట్టాలు చదివాను. రాజ్యాంగం 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు ఉన్నాయి, వాటి దగ్గర కులం, మతం, ఆడ మగ తేడా చూపకూడదని ఉంది. అద్దె ఇంటి మాట లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదని, గొడవ వచ్చినా నీళ్లు, కరెంటు ఆపకూడదని రాశారు. అది నమూనా కాబట్టి అమలు చేయాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. తలుపు లోపలికి వెళ్లాక మనల్ని కాపాడే మాటలు అందులో ఉన్నాయి. తలుపు దాకా వచ్చినవాళ్లు ఏం చేయాలన్నది నాకు కనబడలేదు.

"సార్, మగవాళ్ల సంతకం బదులు నా ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఇస్తాను. ఇప్పుడున్న ఇంటి ఓనరుగారి నంబరు ఇస్తాను, మాట్లాడండి. ఆ రెండో గీత దగ్గర సాక్షి కావాలంటే మా హెడ్ నర్సు వచ్చి పెడుతుంది" అన్నాను. ఆయన కాసేపు కాగితం వైపు చూసి, "ఇంట్లో అడిగి శుక్రవారం చెబుతాను" అన్నారు.

సాయంత్రం మా ఓనరమ్మకు విషయం చెప్పాను. వింటూ విస్తరాకులు కడుగుతున్న చేతులు కొంగుకు తుడుచుకుని, ఎమ్మార్ పల్లి ఇంటాయన నంబరు తన ఫోన్‌లో వేయించుకుంది. "ఆరేళ్లలో ఐదో తారీఖు దాటనివ్వలేదని చెబుతాను. కరోనాలో మా ఆయన్ని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారో కూడా చెబుతాను" అంది. నా ఎదురుగానే ఫోన్ చేసింది. అటువైపు ఎత్తలేదు, రేపు మళ్లీ చేస్తానంది.

ఇప్పుడు ఏడున్నర. అన్నం డబ్బా సర్దుకున్నాను, యూనిఫాం ఇస్త్రీ అయింది. తిరుచానూరు రోడ్డు వైపు ఇంకో ఇల్లు ఉందని మా వార్డు ఆయా చెప్పింది, రేపు డ్యూటీ దిగి అటు నుంచి అటే వెళ్లి చూస్తాను. శుక్రవారం దాకా ఆగుతాను. ఆయన ఏం చెప్పినా సరే, తమ్ముడికి మాత్రం ఫోన్ చేయను.