వెనక చక్రం పని

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పనిచేసినవాణ్ణి. అక్క పిటిషన్ మీద గ్రీన్‌కార్డు వచ్చి కాలిఫోర్నియాలో దిగాక, సోనోమా రేస్ ట్రాకుకు దగ్గర్లో ఓ షెడ్డులో పని దొరికింది. వారమంతా ఆఫీసులో కూర్చుని, శని ఆదివారాల్లో సరదాకి రేసులకెళ్లే డాక్టర్ల, సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్లు ఇక్కడికొస్తాయి. ఎక్కువగా పాత మాజ్డా మియాటాలే, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కార్లు.

నరసరావుపేట కుర్రాడొకడు 1990 మోడల్ తెచ్చాడు. "బాబాయ్, వెనకాల పెద్ద బ్రేకులు వేసేద్దాం, చవగ్గా దొరికాయి" అన్నాడు. ముందువి తర్వాత చూస్తాడట! బ్రేకు తొక్కగానే బరువు ముందుకొచ్చి వెనక టైర్లు తేలికైపోతాయి. అక్కడే పట్టు పెంచితే వెనక చక్రాలే మొదట లాకై (తిరగడం ఆగిపోయి), మలుపులో కారు గిర్రున తిరుగుతుంది. ఆ మోడల్‌కి ముందు బ్రేకు డిస్కు 235 మిల్లీమీటర్లు, వెనకది 231. 1994లో వచ్చిన 1.8 లీటర్ ఇంజిన్ మియాటాలకి 255, 251. ఆ పెద్దవి వేస్తే బ్రాకెట్లతో సహా నాలుగు చక్రాలకీ మార్చాలన్నాను. ముఖం మాడ్చుకునే ఒప్పుకున్నాడు.

అసలు జబ్బు బేరింగుది. గట్టి మలుపు దాటాక పెడల్ ఒక్కసారి లోపలికి పోతోందట, రెండుసార్లు తొక్కితే మళ్లీ గట్టిపడుతోందట. బ్రేకు ఆయిల్లో గాలి చేరిందని వాడి అనుమానం. బేరింగు లూజైతే మలుపులో డిస్కు పక్కకి ఊగి, దాన్ని పట్టి ఆపే ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. పెడల్ లోపలికి పోయేది అందుకే. కారు ఎత్తి, కుడి వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే చేతికే తెలిసింది.

చక్రం బిగించే హబ్‌ని లాగితే బేరింగు లోపలి రింగు దానికే అతుక్కుని వచ్చింది. గ్రైండర్‌తో సగం లోతు కోసి ఉలితో కొడితే టంగున విడింది. కొత్తది ఎక్కించేటప్పుడు ప్రెస్సు బయటి రింగు మీదే ఆనాలి. లోపలి రింగు మీద నొక్కితే బాల్స్ గుంటలు పెడతాయి, ట్రాకెక్కగానే కూత మొదలు.

అక్కడైతే లారీ బేరింగు కడిగి, గ్రీజు పెట్టి ఇంకో ఆర్నెల్లు లాగించేవాళ్లం. ఇక్కడ సామాను చవక, మనిషి ఖరీదు. మా ఓనరైతే ట్రాకు గంటలు పుస్తకంలో రాసుకుని, చప్పుడు రాకముందే మార్పించేస్తాడు. మొదట్లో దండగనిపించేది. నూట యాభై కిలోమీటర్ల వేగంలో చక్రం ఊడితే ఏమవుతుందో విన్నాక నోరెత్తలేదు.

బిల్లు చూసి కుర్రాడు, "మనోళ్లకి తగ్గింపేమీ లేదా బాబాయ్?" అన్నాడు. గంట రేటు ఓనరుది, నాది కాదు. ఎడమ వెనక చక్రం బేరింగు సంగతేంటని అడిగితే, అదీ మార్చమనే చెప్పాను.