పాలు మానేశాక వాటి చోట ఏం వచ్చింది?

నాకు టైప్ 2 డయాబెటిస్. పొద్దున ఏమీ తినకముందు చూసుకునే ఫాస్టింగ్ షుగర్ 118. నాకు ఇది మంచి అంకే. నిన్న రాత్రి శనగల కూర, ఆకుకూర, కొంచెం అన్నం తిని పెందలాడే ముగించాను. అంతకుముందు రాత్రి బంగాళదుంప వేపుడుతో తెల్లన్నం కాస్త ఎక్కువే తిన్నాను, తెల్లారి మీటర్‌లో 146 వచ్చింది. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం రెండు పూటల్లోనూ లేవు. పేరుకి రెండూ వీగన్ భోజనాలే. రెండు రోజుల అంకెలు పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదని తెలుసు. నిద్ర సరిగ్గా పట్టకపోయినా, టెన్షన్ పడినా, జలుబు చేసినా ఫాస్టింగ్ పెరుగుతుంది. కానీ నెలల తరబడి ఈ డైరీలో రాసుకున్నదంతా తిరగేస్తే ఒకటే కనిపిస్తోంది. నేను మానేసిన వాటికంటే, వాటి చోట కంచంలోకి వచ్చినవే నా షుగర్‌ని ఎక్కువగా నడిపిస్తున్నాయి.

కాఫీ దగ్గర ఈ విషయం మళ్లీ వచ్చింది. మా ఆయన కొత్తగా ఓట్ మిల్క్ ప్యాకెట్ తెచ్చారు. "ఇదీ మొక్కల పాలేగా, నీ సోయా పాలకంటే రుచిగా ఉంది" అన్నారు. నిజంగానే రుచిగా ఉంది. రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి వెనకవైపు చదివాను. ఓట్ మిల్క్ మీద చక్కెర కలపలేదని రాసి ఉంది, కానీ లోపలి పట్టికలో షుగర్స్ దగ్గర అంకె ఉంది. ఇందులో మోసమేమీ లేదు. ఓట్స్‌ని పాలుగా చేసేటప్పుడు ఎంజైములు వేసి పిండిపదార్థాన్ని విడగొడతారు, అది మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది. ఆ తియ్యదనం అక్కడిదే. ఒక కప్పు ఆవుపాలలో 12 గ్రాముల దాకా లాక్టోజ్ ఉంటుంది. తీపి కలపని సోయా పాలలో చక్కెర దాదాపు ఉండదు, ప్రోటీన్ మాత్రం ఆవుపాలకి దగ్గరగా ఉంటుంది. అందుకే ఆయన కప్పులో ఓట్ మిల్క్, నా కప్పులో సోయా. ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాలతో వీగన్ అని ఉన్నా ఇప్పుడు నేను వెనకవైపే చూస్తాను. ముందు మొత్తం కార్బోహైడ్రేట్లు, తర్వాత పీచు, ఆ తర్వాత శాచురేటెడ్ ఫ్యాట్, అంటే వెన్న, నెయ్యిలో ఎక్కువగా ఉండే రకం కొవ్వు.

ఈ చివరిది ఎందుకు చూడాలో అర్థమయ్యాకే నాకు ఈ ఆహారం మీద గురి కుదిరింది. టైప్ 2లో చాలామందికి ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది, కానీ కండరాలు, కాలేయం దాని మాట వినవు. ఆ కణాల్లో పేరుకున్న కొవ్వు ఇన్సులిన్ పనికి అడ్డుపడుతుంది. అంటే చక్కెర ఒక్కటి మానేస్తే సరిపోదు, కొవ్వు సంగతీ చూసుకోవాలి. వెన్న, నెయ్యి, కొవ్వున్న మాంసం తీసేస్తే ఆ బరువు కొంత దిగుతుంది. అయితే వాటి బదులు అన్నింట్లో కొబ్బరినూనె పోసుకుంటే ప్రయోజనం ఉండదు, అందులో ఎక్కువ భాగం శాచురేటెడ్ కొవ్వే.

అమెరికాలో నీల్ బర్నార్డ్ అనే డాక్టర్ బృందం చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. టైప్ 2 ఉన్న 99 మందిని రెండు జట్లుగా చేసి 22 వారాలు చూశారు. ఒక జట్టుకి కొవ్వు బాగా తక్కువున్న వీగన్ ఆహారం, ఇంకో జట్టుకి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అప్పట్లో చెప్పిన ఆహారం. మందులు మార్చకుండా ఉన్నవాళ్లలో, రెండు మూడు నెలల సగటు షుగర్ ఎంతో చూపే హెచ్‌బీఏ1సీ వీగన్ జట్టులో 1.23, రెండోదాంట్లో 0.38 పాయింట్లు తగ్గింది. మా ఇంట్లో అందరికీ నేను చెప్పే లెక్క ఇది. దీంతోపాటు ఇంకోటి కూడా చెబుతాను. వీగన్ జట్టువాళ్లు సగటున 6.5 కిలోలు తగ్గారు, రెండో జట్టువాళ్లు 3.1 కిలోలు. షుగర్ దిగడంలో ఆ బరువుకి పెద్ద వాటా ఉంది. బ్రిటన్‌లో చేసిన డైరెక్ట్ అనే అధ్యయనంలో వీగన్ ఊసే లేదు. సూప్‌లు, షేక్‌ల లాంటి తక్కువ కేలరీల ఆహారంతో బరువు తగ్గించారు. ఏడాది తర్వాత వాళ్లలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ డయాబెటిస్ హద్దు కిందకి వచ్చింది. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. కాబట్టి ఇదొక్కటే దారి అని నేను ఎవరికీ చెప్పను. నాకు ఈ దారి పడింది, కడుపు నిండా తింటూ బరువు తగ్గగలిగాను, అది చాలు.

కడుపు నిండటం అంటే శనగలు, పప్పుల లాంటి గింజలే. మధ్యాహ్నం ఆఫీసులో పక్క సీటు ఆవిడ ఎప్పటిలాగే "మరి ప్రోటీన్ ఎలాగండీ?" అని అడిగారు. డబ్బా తెరిచి చూపించాను. ఉడికిన కప్పు శనగల్లో 14 గ్రాముల పైగా ప్రోటీన్, 12 గ్రాముల పీచు ఉంటాయి. మాంసంలోనూ పాలలోనూ పీచు అసలుండదు. ఆ పీచు వల్ల పిండిపదార్థం నెమ్మదిగా చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. డేవిడ్ జెంకిన్స్ అనే ఆయన బృందం ఏ తిండి షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలతని 1981లో ముందుకు తెచ్చింది. ఒక పూట పప్పుధాన్యాలు తింటే తర్వాతి పూట భోజనానికి కూడా షుగర్ తక్కువ పెరుగుతుందని చూపించిందీ వాళ్లే. ఈ సంగతి తెలిశాక నేను గింజల్ని పొద్దుటి పూట కూడా తినడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం రీడింగుల్లో తేడా తెలుస్తోంది.

నాలుగింటికి ఆవిడే కేక్ తెచ్చారు. వాళ్ల పాప పుట్టినరోజట. "మీకోసమని పాలు, గుడ్డు, వెన్న ఏమీ లేకుండా చేయించాను" అన్నారు. అంత గుర్తుపెట్టుకుని చేయించినందుకు మనసు నిండిపోయింది. చిన్న ముక్క తీసుకున్నాను. మైదా, చక్కెర ఉండనే ఉన్నాయి కాబట్టి అంతకు మించి తీసుకోలేదు. రెండు గంటల తర్వాత 171. భోజనం తర్వాత నాకు డాక్టర్ గారు పెట్టిన హద్దు 180. కేక్ ముక్క, ఇంత, అని డైరీలో రాసుకున్నాను.

ఈమధ్య అరికాళ్లలో అప్పుడప్పుడు తిమ్మిరి ఉంటోంది. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే ఇలాగే ఉంటుంది. బి12 విటమిన్ తగ్గినా ఇలాగే ఉంటుంది, ఎవరికి వారు తేల్చుకోగలిగేది కాదు. నాలాంటి వాళ్లకి బి12 రెండువైపుల నుంచీ తగ్గే వీలుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరిలో శరీరం బి12ని సరిగా తీసుకోదు. వీగన్ ఆహారంలో సహజంగా బి12 ఉండదు. స్పిరులినాలో ఉంటుందని చెబుతుంటారు, కానీ అందులో ఎక్కువగా ఉండేది మన శరీరానికి పనికిరాని రూపం. ఇంకో చిక్కుంది. ఆకుకూరలు, గింజల్లో ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ దండిగా ఉంటుంది కాబట్టి బి12 తగ్గినా రక్తహీనత బయటపడకపోవచ్చు, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. బర్నార్డ్ బృందం కూడా వీగన్ జట్టుకి బి12 మాత్రలు ఇచ్చింది. నేను మొదటి నుంచీ వేసుకుంటున్నాను. అయినా ఈ తిమ్మిరి గురించి చెప్పగానే డాక్టర్ గారు రక్తపరీక్ష రాశారు, రేపు పొద్దున ఇవ్వాలి. పాలు, మాంసం తీసేసినప్పుడు వాటితోపాటు పోయేవాటిలో తప్పకుండా వెనక్కి తెచ్చుకోవాల్సింది ఇదే. దీన్ని చెప్పకుండా ఎవరికైనా వీగన్ తినమని చెప్పడం అన్యాయం.

రాత్రి అక్క ఫోన్ చేసింది.

"ఏమే, నీ హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి 6.9కి వచ్చిందటగా, అమ్మ చెప్పింది. రేపటి నుంచి నేనూ అన్నీ మానేస్తున్నా. ఇన్సులిన్ కూడా సగం చేసేస్తా."

నాకు గుండె ఝల్లుమంది. నేను వేసుకునేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. దాంతో షుగర్ మరీ కిందకి పడిపోవడం అరుదు. అక్క ఇన్సులిన్ తీసుకుంటోంది, పైగా ఒంట్లో ఇన్సులిన్‌ని ఎక్కువగా విడుదల చేయించే గ్లిమెపిరైడ్ మాత్ర. తిండి ఒక్కసారిగా మారిపోయి డోసు అలాగే ఉంటే షుగర్ 70 కిందకి జారిపోవచ్చు. తనంతట తాను సగం చేసుకుంటే ఎంత పైకి పోతుందో చెప్పలేం. పైగా తనకి కిడ్నీ రిపోర్టులో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది. అంటే కిడ్నీలు కాస్త బలహీనంగా ఉండొచ్చు. గింజలు, కొన్ని కూరలు, పండ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే అది ఒంట్లో పేరుకుపోవచ్చు. నాకు మేలు చేసిన కంచమే తనకి యథాతథంగా పనికిరాకపోవచ్చు.

"అక్కా, ఆగు. ముందు డాక్టర్ గారికి చెప్పు, ఆ తర్వాతే మొదలుపెట్టు" అన్నాను.

"నువ్వు చేసుకోవచ్చు, నేను చేయకూడదా?" గొంతులో చిన్నబుచ్చుకున్నట్టు తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లుగా రోజూ సూదులు గుచ్చుకుంటున్న మనిషికి ఒక ఆశ కనబడితే, దాని ముందు చెల్లెలు అడ్డంగా నిలబడినట్టయింది.

చేయొచ్చక్కా, నీకే ఎక్కువ ఉపయోగపడొచ్చు కూడా అని నెమ్మదిగా చెప్పాను. తిండి మార్చే రోజే డోసు కూడా మార్చాలి, అది ఎంతన్నది వాళ్లు నీ రీడింగులు చూసే చెబుతారు. అందుకే అపాయింట్‌మెంట్ దాకా రోజూ తిన్నదీ, మీటర్ అంకె ఒకే కాగితం మీద రాయి. కిడ్నీ రిపోర్ట్ తీసుకెళ్లు. బి12 పరీక్ష కూడా అడుగు. గ్లూకోజ్ పొడి చేతికందేలా పెట్టుకో. చెమటలు పట్టి, వణుకు వచ్చి, మీటర్ 70 కింద చూపిస్తే 15 గ్రాములు నీళ్లలో కలిపి తాగి 15 నిమిషాలకి మళ్లీ చూసుకో. అక్క కాగితం, పెన్ను తెచ్చుకుని రాసుకుంది. అపాయింట్‌మెంట్ గురువారానికి దొరికిందట.

ఈ రాత్రికి ఏం తింటున్నావని అడిగాను. కూర, పెరుగన్నం అంది. కనీసం పెరుగైనా మానేయనా అని అడిగింది. వద్దు, రోజూ తినేదే, రోజూ తినేంతే తిను, డాక్టర్ గారు డోసు మార్చేదాకా కంచంలో ఏదీ మార్చకు అన్నాను.